పిలిస్తే పలకని పసివాడు

మాకు వచ్చే ఉత్తరాలలో అధికభాగం సంసారపు చిక్కులకు సంబంధించినవే. అత్తాకోడళ్ళ తగవులు, ఆస్తి వాటాలు, ఆడపిల్లల చదువులు, సంబంధాలు. ఆరు నెలల క్రితం రాయలసీమలోని ఒక చిన్న పట్టణం నుంచి వచ్చిన ఉత్తరం వీటిలో దేనికీ చెందినది కాదు. ఒక తల్లి తన మూడున్నరేళ్ళ కొడుకును గురించి రెండు పేజీలు రాశారు. పేరు పెట్టి పిలిస్తే ఆ బాబు తిరిగి చూడడు. ఏదైనా కావాలంటే తల్లి చేయి పట్టుకుని లాక్కుపోతాడే గాని వేలితో చూపించడు. బొమ్మకారు ఇస్తే నేల మీద నడపడు. దాన్ని తిరగేసి ఒక చక్రాన్ని గంటల తరబడి తిప్పుతూ కూర్చుంటాడు. ఏడాదిన్నర వయసులో ‘అమ్మీ’, ‘పానీ’ అనే రెండు మాటలు వచ్చాయి. కొన్ని నెలలకు అవి కూడా పోయాయి. మైకులో అజాన్ వినబడగానే చెవులు మూసుకుని ఏడుస్తాడు.

ఈ చివరి విషయమే ఆ ఇంట పెద్ద దుమారం రేపింది. అజాన్ వింటే ఏడ్చే పిల్లవాడికి తప్పకుండా ‘అసర్’ ఉండి తీరుతుందని వీధిలోని పెద్దలు తేల్చారు. ఒక ఆమిల్ దగ్గరికి తీసుకువెళ్ళారు. పదకొండు నెలల పాటు ప్రతి గురువారం ఆటో ఖర్చులు, తావీజుల ఖర్చులు, పిల్లవాడి ముఖాన చల్లిన నీళ్ళు. ఆ తల్లి మాత్రం ఒక సంగతి గమనించారు. వంటగదిలో మిక్సీ వేసినా, కుక్కర్ విజిల్ వేసినా బాబు అచ్చం అలాగే చెవులు మూసుకుంటున్నాడు. “మిక్సీకి భయపడే జిన్ను ఉంటుందా?” అని ఆమె మమ్మల్ని అడిగారు. ఉత్తరంలోని చివరి వాక్యాలు ఇవి: “నేను గర్భంతో ఉన్నప్పుడు ఏదో తప్పు చేసి ఉంటానని మా అత్తగారు అంటున్నారు. ఏమి తప్పు చేశానో నాకు తెలియడం లేదు.”

ఆ వాక్యాల దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ సోదరి కోసం. ఆమెలాంటి తల్లులు మన పాఠకులలో ఎంతోమంది ఉన్నారని కూడా మాకు తెలుసు. హైదరాబాద్‌తో సహా దేశంలోని ఐదు ప్రాంతాలలో రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలను పరీక్షించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం, దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి నాడీ వికాసానికి సంబంధించిన ఏదో ఒక లోపం ఉన్నట్లు తేల్చింది. వినికిడి లోపం, మూర్ఛ, బుద్ధిమాంద్యం, ఆటిజం, అతిచురుకుదనం, చదువులో ప్రత్యేక ఇబ్బంది, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. అంటే ప్రతి వీధిలోనూ ఇలాంటి పిల్లలు ఉన్నారన్నమాట.

ఆ తల్లి వర్ణించిన లక్షణాలన్నీ ఆటిజం వైపు వేలు చూపిస్తున్నాయి. ఉత్తరం చదివి వ్యాధి నిర్ధారించే అర్హత మాకు లేదు, ఆ సంగతి ఆమెకు కూడా రాశాము. అయితే ఆటిజం అంటే ఏమిటో చెప్పడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు. ఇది ఒంటికి సోకే జబ్బు కాదు. మెదడు నిర్మాణంలోనే, పుట్టుకకు ముందు నుంచే ఏర్పడే ఒక భిన్నత్వం. ఎదుటివారి ముఖం, చూపు, గొంతు, సైగ, వీటి ద్వారా మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకునే సహజమైన దారి ఈ పిల్లలకు తేలికగా అందదు. దానితో పాటు ఒకే పనిని పదే పదే చేయడం, దినచర్య ఏ మాత్రం మారినా తల్లడిల్లడం, శబ్దం, వెలుగు, స్పర్శ, రుచి విషయంలో మనకంటే ఎంతో ఎక్కువగా గాని, తక్కువగా గాని స్పందించడం కనిపిస్తాయి. మనకు మామూలుగా వినిపించే మైకు కొందరు పిల్లల చెవికి శూలంలా తగులుతుంది. అజాన్‌లోని పదాలతో దానికి సంబంధం లేదు. దాని హోరుతోనే సంబంధం.

ఏ వయసులో ఏమి గమనించాలో ప్రతి తల్లికీ, ముఖ్యంగా ప్రతి నానీకీ దాదీకీ తెలిసి ఉండాలి. రెండు నెలల శిశువు మన ముఖం చూసి నవ్వాలి. ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి, చేయి ఊపి టాటా చెప్పడం వంటి సైగలు రావాలి. ఆ తర్వాత రెండు మూడు నెలలలో ఆకాశంలో పోయే విమానాన్నో, గోడ మీది పిల్లినో వేలితో చూపించి, మనం కూడా చూశామో లేదోనని మన ముఖం వైపు చూడాలి. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని వైద్యులు దీనికి ఎంతో విలువ ఇస్తారు. పదహారు నెలలకు ఒక్క మాట అయినా, రెండేళ్ళకు ‘పానీ దో’ వంటి రెండు మాటల వాక్యమైనా రాకపోతే ఆలస్యం చేయరాదు. ఏ వయసులోనైనా సరే, వచ్చిన మాట పోయిందంటే ఆ వారమే వైద్యుడిని కలవాలి.

ఇక్కడ మన ఇళ్ళలో ఒక ‘మామూ’ అడ్డం వస్తాడు. “మగపిల్లలకు మాటలు ఆలస్యమే, మీ మామూకు నాలుగేళ్ళకు గాని మాటలు రాలేదు, ఇప్పుడు దుబాయిలో ఉద్యోగం చేస్తున్నాడు” అని పెద్దలు ధైర్యం చెబుతారు. అలాంటి మామూ లేని కుటుంబాన్ని మేము ఇంతవరకు చూడలేదు. ఆలస్యంగా మాటలు వచ్చి తర్వాత చక్కగా ఎదిగిన పిల్లలు నిజంగానే ఉన్నారు. కాని ఆ మామూ పిలిస్తే పలికేవాడా, వేలితో చూపించేవాడా, తోటి పిల్లలతో ఆడుకునేవాడా అని ఎవరూ గుర్తు చేసుకోరు. మాట ఒక్కటే ఆలస్యం కావడం వేరు, మాటతో పాటు చూపు, సైగ, ఆట అన్నీ ఆలస్యం కావడం వేరు. మొదటి సంవత్సరాలలో మెదడు ఎంతో వేగంగా తన దారులు వేసుకుంటుంది. ఆ కాలంలో ఇచ్చిన శిక్షణకు ఉన్న ఫలం తర్వాతి కాలంలో అంత సులువుగా దక్కదు. ఆ పదకొండు గురువారాల నెలలను గురించి మాకు కలిగిన బాధంతా ఇదే.

దుఆను మేము తక్కువ చేయడం లేదు. రోగగ్రస్తుడైన బిడ్డ పక్కన కూర్చుని ఏ తల్లి దుఆ చేయకుండా ఉంటుంది? అయితే వైద్యం చేయించుకోమని స్వయంగా దైవప్రవక్త (సఅసం) బోధించిన సంగతి మనకు తెలిసిందే. ఆమిల్ ఇంటి అరుగు మీద గడిపిన గంట, పిల్లల వైద్యుడి గదిలో గడపవలసిన గంట.

వైద్యుడి దగ్గరికి వెళితే ముందుగా చేయించవలసినది వినికిడి పరీక్ష. పిలిస్తే పలకని బిడ్డకు చెవుడు ఉందేమో తెలుసుకోకుండా ఇతర నిర్ధారణలకు పోకూడదు. నిద్రపోతున్న శిశువుకు కూడా చేయగల ‘బెరా’ పరీక్ష ఇప్పుడు పెద్ద పట్టణాలలో దొరుకుతుంది. మేనరికపు పెళ్ళిళ్ళు జరిగిన కుటుంబాలలో పుట్టుచెవుడు, కొన్ని జన్యుపరమైన లోపాలు ఎక్కువగా కనబడతాయి కనుక తల్లిదండ్రుల బంధుత్వాన్ని వైద్యుడికి దాచకుండా చెప్పాలి. థైరాయిడ్ పరీక్ష మరొకటి. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న శిశువుకు మొదటి రెండు వారాలలో మాత్రలు మొదలుపెడితే బుద్ధి వికాసం సాధారణంగా సాగుతుంది; నెలల తరబడి వదిలేస్తే ఆ నష్టం పూడదు. కాన్పు అయిన ఆసుపత్రిలో బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి ఈ పరీక్ష చేయమని అడగడం తల్లిదండ్రుల హక్కు.

మన ఇళ్ళకు ప్రత్యేకంగా సంబంధించిన విషయం ఒకటుంది. నెలల పిల్లల కళ్ళకు సుర్మా పెట్టడం మనలో ఆనవాయితీ. బజారులో దొరికే సుర్మాలలో చాలావాటిలో సీసం ఉంటుంది. కొన్ని ముఖ్యంగా సీసపు గంధకంతోనే తయారవుతాయి. పిల్లవాడు కళ్ళు నులుముకుని ఆ వేళ్ళు నోట్లో పెట్టుకుంటాడు. ఎదిగే మెదడుకు సీసం విషం. ఏకాగ్రతను, తెలివితేటలను దెబ్బతీస్తుంది, దుడుకుతనాన్ని పెంచుతుంది. సుర్మా వల్ల ఆటిజం వస్తుందని మేము అనడం లేదు. కాని పసివాడి కంటికి అది అక్కరలేదని మాత్రం గట్టిగా అంటున్నాము.

ఆటిజాన్ని నిర్ధారించే రక్తపరీక్ష గాని, స్కానింగు గాని లేదు. అనుభవజ్ఞుడైన వైద్యుడో మనస్తత్వ నిపుణుడో బిడ్డను ఆడిస్తూ గమనించి, తల్లిని అడిగి, నిర్ణీత ప్రశ్నావళితో పోల్చి చూసి చెబుతారు. కనుక ఐదు నిమిషాలలో చీటీ రాసి పంపేవారి మాటను నమ్మనక్కరలేదు.

ఇక ఆ సోదరి అడిగిన అసలు ప్రశ్నకు వద్దాము. తప్పు ఎవరిది? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం కూడా ఒకప్పుడు ఆమె అత్తగారిలాగే జవాబు చెప్పింది. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని మొదటిసారి విపులంగా వర్ణించారు. అటు తర్వాత రెండు దశాబ్దాలకు పైగా, ప్రేమ చూపని ‘మంచుగడ్డ’ తల్లుల వల్లనే పిల్లలు ఇలా అవుతారనే వాదం రాజ్యమేలింది. బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ఒక గ్రంథం రాసి దానికి ఎంతో ప్రచారం కల్పించారు. ఎందరో తల్లులు వైద్యుల ఎదుట దోషులుగా నిలబడ్డారు. ఆ వాదాన్ని ఎదిరించిన వారిలో ముఖ్యుడు బెర్నార్డ్ రిమ్‌లాండ్. మనస్తత్వ శాస్త్రవేత్త, అంతకు మించి, ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి. ఇది మెదడుకు సంబంధించినదని 1964లోనే ఆయన పుస్తకం రాశారు. 1977లో ఇంగ్లాండులో ఇరవై ఒక్క కవల జంటలను పరిశీలించినప్పుడు, ఏకరూప కవలలైన పదకొండు జంటలలో నాలుగింటిలో ఇద్దరికీ ఆటిజం ఉంది. భిన్నరూప కవలలైన పది జంటలలో ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. మూలం ప్రధానంగా జన్యువులలో ఉందని అప్పటి నుంచి స్పష్టమవుతూ వచ్చింది. తల్లి ప్రేమలో లోపం లేదు. ఆమె నడకలో, తిండిలో, గ్రహణం నాడు కత్తి పట్టుకోవడంలో లోపం లేదు. జన్యువులు తల్లి నుంచి ఎంతగా వస్తాయో తండ్రి నుంచి కూడా అంతగా వస్తాయి. అత్తగారికి ఈ సంగతి చెప్పవలసింది కోడలు కాదు, కొడుకు.

టీకాల మీద పడిన నింద కూడా ఇలాంటిదే. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకాకు ఆటిజానికి ముడిపెడుతూ 1998లో ఒక బ్రిటిష్ వైద్యుడు పన్నెండు మంది పిల్లల మీద రాసిన వ్యాసాన్ని ఆ పత్రిక 2010లో ఉపసంహరించింది. ఆయన వైద్య పట్టా కూడా పోయింది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి 2019లో ప్రకటించిన అధ్యయనంలో టీకా వేసుకున్నవారికి, వేసుకోనివారికి తేడా కనబడలేదు. వాట్సాప్‌లో మాత్రం 1998 ఇంకా ముగియలేదు.

చికిత్స అనగానే మనకు మందుసీసా గుర్తుకు వస్తుంది. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. విపరీతమైన కోపానికి, తనను తాను కొట్టుకోవడానికి, నిద్రలేమికి, మూర్ఛలు ఉంటే వాటికి మందులు ఉన్నాయి. అవి వైద్యుడి పర్యవేక్షణలో వాడవలసినవి. అసలు చికిత్స శిక్షణే, దానిలో ఎక్కువ భాగం ఇంట్లోనే జరుగుతుంది. శిక్షకురాలు చేసే పని చూస్తే మొదట వింతగా ఉంటుంది. ఆమె నేల మీద బాబు ఎదురుగా, అతని కళ్ళ ఎత్తుకు కూర్చుంటుంది. అతను చక్రం తిప్పితే ఆమె కూడా మరో చక్రం తిప్పుతుంది. కొంతసేపటికి బాబు తలెత్తి చూస్తాడు. ఆ ఒక్క చూపే ఆనాటి పాఠం. ఇంట్లో నీళ్ళ గ్లాసు అందించే ముందు తల్లి ఒక్క క్షణం ఆగాలి, ‘పానీ’ అనాలి, వేచి ఉండాలి. చూపో, చిన్న శబ్దమో, చేయి చాచడమో, ఏది వచ్చినా వెంటనే గ్లాసు ఇచ్చేయాలి. మాట వచ్చేదాకా దాహంతో ఉంచమని కాదు. అడిగితే దొరుకుతుందన్న నమ్మకం ముందు కలగాలి, మాట ఆ వెనుక వస్తుంది. రాకపోతే బొమ్మల కార్డులు ఉన్నాయి. కార్డులు అలవాటైతే బద్ధకించి మాటలు నేర్వరన్న భయం నిరాధారం.

ఇది పెద్ద నగరాలలోని ధనవంతులకే సాధ్యమని అనుకోనక్కరలేదు. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను అరవై ఐదు మంది పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. నిపుణులు కాని సాధారణ ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి, వారి చేత తల్లిదండ్రులకు నేర్పించారు. బిడ్డ సూచనలను తల్లిదండ్రులు గ్రహించి స్పందించడం మెరుగైంది, పిల్లలు తామే ముందుగా పలకరించడం పెరిగింది. అన్ని లక్షణాలూ మాయం కాలేదు. కాని కొలవదగిన మార్పు వచ్చింది.

భాష గురించి ఒక మాట. మన ఇళ్ళలో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. రెండు భాషలు విని బిడ్డ గందరగోళపడ్డాడని, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని కొందరు సలహా ఇస్తున్నారు. ఇంగ్లీషు రాని తల్లి చివరికి బిడ్డతో మాట్లాడడమే మానుకుంటుంది. రెండు భాషల వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాట మరింత ఆలస్యమవుతుందని పరిశోధనలలో తేలలేదు. తల్లి తనకు నోరారా వచ్చిన భాషలోనే మాట్లాడాలి. ఫోను చూడడం వల్ల ఆటిజం రాదు గాని, ఆ మాటల సమయాన్ని ఫోను మింగేస్తుంది. రెండేళ్ళు నిండని పిల్లలకు తెర వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

మూలకణాల ఎక్కింపు పేరుతో లక్షలు వసూలు చేసే క్లినిక్కులు, ఒంట్లోని లోహాలను కడిగేస్తామనేవారు, ఆక్సిజన్ గదులలో కూర్చోబెట్టేవారు నగరాలలో ఎక్కువయ్యారు. మూలకణాలతో ఆటిజానికి చికిత్స మన దేశంలో ఆమోదం పొందినది కాదు. ఆమిల్‌కు ఇచ్చిన వేలు, ఈ క్లినిక్కుకు ఇచ్చే లక్షలు ఒకే ఖాతాలోకి పోతాయని మా అభిప్రాయం. తెల్లకోటు వేసుకున్నంత మాత్రాన తావీజు మందు కాబోదు.

మరో రకం పిల్లలను గురించి కొంత చెప్పాలి. వీరికి మాటలు బాగానే వస్తాయి, అతిగా కూడా వస్తాయి. కూర్చున్న చోట కూర్చోరు, ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెబుతారు, పెన్సిలు రోజుకొకటి పోగొడతారు. దీనిని ఏకాగ్రతా లోపం, అతిచురుకుదనం అంటారు; ఆసుపత్రులలో ఏడీహెచ్‌డీ అని వినబడుతుంది. అల్లరి చేసే ప్రతివాడికీ ఈ పేరు తగిలించకూడదు. లక్షణాలు పన్నెండేళ్ళ లోపే మొదలై, ఆరు నెలలకు పైగా, ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా కనబడాలి. బడిలో మాత్రమే కనబడితే ముందు ఆ బడిని చూడాలి. ఆడపిల్లలలో పరుగు కనబడదు. కిటికీలోంచి చూస్తూ కలలు కంటారు, అందుచేత ‘మందమతి’ అన్న పేరు మిగులుతుంది.

హిఫ్జ్ తరగతిలో ఊగుతూ కూర్చోలేక రోజూ బెత్తం దెబ్బలు తిన్న ఒక తొమ్మిదేళ్ళ బాలుడిని మేము ఎరుగుదుము. ఉస్తాద్ చెడ్డవాడు కాడు. మొండితనం అనుకున్నాడు. 2007లో అమెరికాలో మెదడు స్కానింగులను ఏళ్ళ తరబడి పోల్చి చూసినప్పుడు, మెదడు పైపొర మందం సాధారణ పిల్లలలో సగటున ఏడున్నరేళ్ళకు చేరుకునే స్థాయిని ఈ పిల్లలు పదిన్నరేళ్ళకు గాని చేరుకోలేదని తేలింది. అంటే తొమ్మిదేళ్ళ పిల్లవాడి నుంచి తొమ్మిదేళ్ళ నిగ్రహాన్ని ఆశిస్తున్నాము. అతని దగ్గర ఆరేళ్ళవాడి నిగ్రహమే ఉంది. బెత్తం ఆ మూడేళ్ళను పూడ్చలేదు. పాఠాన్ని పది నిమిషాల ముక్కలుగా చేసి, మధ్యలో నీళ్ళ కుండ నింపుకు రమ్మని పంపితే ఆ బాలుడే ఎక్కువ ఆయతులు కంఠస్థం చేశాడు. ఒకసారి ఒకే ఆజ్ఞ ఇవ్వడం, చేసిన మంచిని ఆ నిమిషమే మెచ్చుకోవడం, ఇంటి నియమాలు రోజుకొక రకంగా మార్చకపోవడం, ఇవి తల్లిదండ్రులు నేర్చుకోవలసిన పద్ధతులు. ఆరేళ్ళ లోపు పిల్లలకు ఇవే మొదటి చికిత్స. ఆ పైబడినవారికి అవసరమైతే మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు ఇస్తారు. అవి చాలామందిలో బాగా పనిచేస్తాయి. ఆకలి, నిద్ర తగ్గవచ్చు కనుక బరువు, ఎత్తు, రక్తపోటు కొలుస్తూ ఉంటారు. “పిచ్చి మందులు” అని భయపడి దాచవలసిన పని లేదు.

ఇటువంటి పిల్లలను మస్జిదుకు తీసుకురావద్దని తండ్రులను కసరుకునే పెద్దలను చూస్తే మాకు మనసు చివుక్కుమంటుంది. దైవప్రవక్త (సఅసం) తమ మనుమరాలు ఉమామాను ఎత్తుకుని నమాజు చేశారు. పసిబిడ్డ ఏడుపు వినబడితే తల్లి మనసును తలచి నమాజును కుదించేవారు. నాలుగో వరుసలో పరుగెత్తిన పిల్లవాడి వల్ల మన నమాజు చెడిపోదు. ఆ తండ్రి మాత్రం మళ్ళీ రాడు.

ప్రభుత్వ సహాయం గురించి తెలియక వదులుకుంటున్నవారు ఎక్కువ. పుట్టుక నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. దాని కింద జిల్లా స్థాయిలో డీఈఐసీ పేరిట సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పాటయ్యాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు, బుద్ధి వికాస లోపాలకు దేశమంతటికీ పెద్ద దిక్కు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని, చదువులోని ప్రత్యేక ఇబ్బందిని కూడా ఇరవై ఒక్క వైకల్యాలలో చేర్చింది. ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు ఉంటే ‘నిరామయ’ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు. తల్లే నిద్రలేక కుంగిపోతున్నప్పుడు 14416కు ఫోన్ చేసి ‘టెలి మానస్’ వారితో తెలుగులోనే మాట్లాడవచ్చు. ధ్రువపత్రం తీసుకుంటే చెల్లెలి సంబంధాలు చెడిపోతాయని ఆగిన కుటుంబాలు మాకు తెలుసు. వారి కష్టం మేము అర్థం చేసుకోగలము. అయితే ఆ కాగితం లేక నష్టపోతున్నది ఆ చిన్నవాడు.

ఆ సోదరి నుంచి పోయిన నెల రెండవ ఉత్తరం వచ్చింది. వినికిడి బాగానే ఉందట. వైద్యులు ఆటిజమని చెప్పారు. వారానికి రెండు రోజులు జిల్లా కేంద్రానికి బస్సులో తీసుకువెళుతున్నారు. అజాన్‌కు ఐదు నిమిషాల ముందు బాబుకు మస్జిదు బొమ్మ చూపించి లోపలి గదిలోకి తీసుకువెళుతున్నారు. ఏడుపు చాలావరకు తగ్గింది. మాట ఇంకా రాలేదు. దాహం వేసినప్పుడు గ్లాసు బొమ్మ ఉన్న కార్డు తెచ్చి చేతిలో పెడుతున్నాడు. ఆ కార్డులలో తన ఫోటో కూడా ఒకటి చేర్చమని అత్తగారే అడిగారట.